బాబాయిగారు రాసిన ఆట పుస్తకం

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న రాజమండ్రి బస్సు కోసం నిలబడి ఉండగా పక్కింటి పిన్నిగారు ఫోన్ చేశారు. "బాబాయిగారు వెళ్లిపోయారమ్మా. నువ్వు బస్సెక్కేశావా?" అన్నారు. ఎక్కలేదని చెప్పి వెనక్కి వచ్చేశాను. ధవళేశ్వరంలో మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. వారం నుంచి ఆయనకి ఒంట్లో బాగోలేదని తెలుసు. అయినా లేచి కూర్చుంటారనే అనుకున్నాను.

ఆయన మాకు బంధువేం కాదు. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా కాలవగట్ల మీద తిరిగి తిరిగి రిటైరైన పెద్దమనిషి. పాలపాకెట్లు వేసే కుర్రాడిని కూడా అండీ అని పిలిచే మనిషి. అలాంటాయన మొబైల్లో ఆడే తుపాకీల ఆటకి తెలుగులో గైడు రాశారంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. నమ్మకపోతే మానేయమనండి, ఆ పుస్తకం నా దగ్గరుంది.

ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క చెబుతాను. నలుగురేసి జట్లుగా ఒక పెద్ద మైదానంలోకి దిగుతారు. చివరిదాకా బతికిన జట్టుది గెలుపు. ఎవరి ఫోన్ వాళ్లది, చెవిలో మిగతా ముగ్గురి మాటలూ వినపడుతుంటాయి. నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు మా కాలేజీ ఆడపిల్లల జట్టుకి కెప్టెన్‌ని. మా ఇంట్లో సిగ్నల్ అందదు కాబట్టి బాబాయిగారి వరండాలో కూర్చుని ఆడేదాన్ని. రెండు మూడు వారాలు పేపరు చాటునుంచి చూసి, ఒకరోజు అడిగారు.

"ఏంటమ్మా, నువ్వు ఎప్పుడు చూసినా ఆ పచ్చ డాబా దగ్గరే చచ్చిపోతున్నావు?"

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ లెక్క చూసుకుంటే నిజమే. నన్ను కొట్టినవాళ్ల పేర్లన్నీ నాకు నోటికి వచ్చు, నేను పడిపోయిన చోటు మాత్రం ఒక్కటీ గుర్తులేదు. "చంపినవాడి పేరెందుకమ్మా మనకి? చచ్చిన చోటు రాసుకో" అన్నారు. నేను రాయలేదు. ఆయనే రాయడం మొదలుపెట్టారు.

ఒకసారి ఫోన్ ఆయన చేతికిచ్చి ఆడమన్నాను. తన మనిషిని నడిపించుకుంటూ తిన్నగా ఏట్లోకి దింపి, నడుంలోతు నీళ్లలో నిలబెట్టి, "ఇక్కడ ప్రవాహం ఎటుందమ్మా?" అని అడిగారు. చెప్పేలోపే ఎవరో కాల్చేశారు. పిన్నిగారు లోపలినుంచి, "అరవై దాటాక కూడా నీళ్లలోకి దిగడం మానరా?" అని నవ్వారు.

ఈ ఆట నేర్చుకోవడానికి వీడియోలు లేవా అంటే ఉన్నాయి, హిందీలోనో ఇంగ్లీషులోనో అరుపులతో. మా జట్టులో అందరికంటే చిన్నది జంగారెడ్డిగూడెం అమ్మాయి, పదో తరగతిదాకా తెలుగు మీడియం. చూపు డేగచూపు. కానీ ఆ వీడియోల్లో వాళ్లు ఏం చేస్తున్నారో చూడగలిగేది తప్ప ఎందుకు చేస్తున్నారో తెలిసేది కాదు. ఈ మాట విని బాబాయిగారు గొడుగు పట్టుకుని రాజమండ్రి వెళ్లి పుస్తకాల షాపులో గైడు అడిగారు. "పిల్లలచేత మాన్పించే పుస్తకాలున్నాయండి, నేర్పించేవి లేవండి" అన్నాడట షాపతను. వస్తూ వస్తూ ఒక పెద్ద నోటుబుక్కూ రంగు పెన్సిళ్లూ కొనుక్కొచ్చారు. "పోలీసు పరీక్షకి గైడుంది, బ్యాంకు పరీక్షకి గైడుంది. ఇంత బుర్ర పెట్టి ఆడే ఆటకి లేకపోవడమేంటండి, అన్యాయం కాదూ?" అని రెండు రోజులు ఎవరు కనపడితే వాళ్లతో అన్నారు.

ఆ నోటుబుక్కులో మెరక ఎక్కడ, పల్లం ఎక్కడ, ఏ గోడ వెనక నలుగురు దాక్కోవచ్చు, అన్నీ కాలవ ప్లాన్లు గీసినట్టే గీశారు. పక్కన గుండ్రటి అక్షరాలతో మాటలు. "పరిగెత్తే ముందు ఎక్కడ ఆగాలో చూసుకోవాలండి." "చావడం తప్పు కాదండి. మర్నాడు కూడా అక్కడే చావడం తప్పండి." మేం జిరాక్సులు తీసుకుని చదివాం, కాకినాడలో జరిగిన కాలేజీల పోటీలో ఫైనల్‌దాకా వెళ్లాం.

ఫైనల్లో ఓడిపోయాం. ఎడమపక్క చింతతోపులోంచి ఒక జట్టు వచ్చి నలుగురినీ ఒక్కసారే ఊడ్చేసింది. తిరిగొచ్చి బాబాయిగారి వరండాలో కూర్చుని, చిన్నది చూసుకోలేదండీ అని చెప్పాను. ఆ పిల్ల నా పక్కనే ఉంది.

"ఏమ్మా, నీకు కనపడలేదా?" అని ఆయన మెల్లగా అడిగారు.

"కనపడ్డారండి," అంది. నావైపు ఓసారి చూసి, "నేను చెప్పేదాకా నోరెత్తొద్దని అక్క అన్నారండి," అంది.

అన్నాను. అంతకుముందు ఆటలో రెండుసార్లు నా మాటకి అడ్డొచ్చిందని కసిరాను. సీనియర్ని కదా, చిన్నపిల్ల దారి చెబితే వినడం నామోషీ అనిపించింది.

బాబాయిగారు తన సంగతి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వరద రోజుల్లో, గట్టు కాపలా లస్కరు ఒకడు వచ్చి గట్టు చెమ్మగిల్లుతోందండి అన్నాడట. అది వాన చెమ్మని, ప్రతిదానికీ పరిగెత్తుకురావద్దని ఈయన కసిరారు. మర్నాడు అతను ఊట చూశాడు, చెప్పలేదు. తెల్లారేసరికి గండి పడి చేలన్నీ మునిగాయి. "రిజిస్టరులో ఎండ్రకాయల బొరియల వల్ల అని రాశానమ్మా. అందరూ నమ్మారు. మా గట్లలో ఎండ్రకాయలు లేనిదెక్కడ?" అన్నారు. తర్వాత పుస్తకం నావైపు జరిపి, "నీ చేత్తో రాయమ్మా, ఎందుకు ఓడిపోయారో. నువ్వు రాస్తేనే తర్వాత వచ్చే పిల్లలకి పనికొస్తుంది" అన్నారు.

రేపు రాస్తానండీ అన్నాను. మరో రెండుసార్లు గుర్తుచేశారు. తర్వాత అడగడం మానేశారు. చదువు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, ఆ పని మాత్రం నేను చేయలేదు. ఆయన ఏమన్నా అనుకున్నారేమోనని మొహం చాటేసిన రోజులు కూడా ఉన్నాయి. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

కర్మకాండలయ్యాక పిన్నిగారు ఆ నోటుబుక్కు నా చేతికిచ్చారు. జిరాక్సుల్లో లేని పేజీ ఒకటి చివర్లో ఉంది. పైన "చూసినవాళ్లే చెప్పాలండి, పెద్దవాళ్లు వినాలండి" అని ఉంది. దాని కింద గండి సంగతి ఉంది. ఎండ్రకాయలు కాదు, నేను కసరడం వల్ల అని తన పేరు రాసి సంతకం పెట్టారు. అన్నేళ్లూ రిజిస్టరులో రాయని నిజాన్ని ఆడపిల్లల ఆట పుస్తకంలో రాశారు. కింద సగం పేజీ ఖాళీగా వదిలారు. అక్కడే నేల మీద కూర్చుని నాది రాశాను. నాలుగు వాక్యాలే. ఏడుపొచ్చింది, పిన్నిగారు మంచినీళ్లు తెచ్చి పక్కన కూర్చున్నారు.

పోయిన ఆదివారం కాలేజీకి వెళ్లి ఆ పేజీ మొత్తం జట్టుకి చదివి వినిపించాను. జంగారెడ్డిగూడెం అమ్మాయి ఇప్పుడు ఆఖరి ఏడాది చదువుతోంది. తలొంచుకుని వింది. తర్వాత ఆమె, నేను, ఇద్దరు కొత్త పిల్లలు ఆటలోకి దిగాం. ముందు నేనే పరిగెడుతున్నాను. ఒక గోడ దాటబోతుంటే చెవిలో ఆమె గొంతు వినపడింది.

"ఆగక్కా."

నాకు ఎవరూ కనపడలేదు. ఫోన్ మీంచి బొటనవేలు తీసేసి ఆగిపోయాను. నలుగురం గోడ వెనక కూర్చున్నాం. ఎదురుగా ఖాళీ పొలం, గాలికి ఊగుతున్న గడ్డి.