సూపు క్యాను మీది పేరు

క్రషర్లో రాయి పిండి చేసే మనిషికి ముక్కుకు మాస్కయినా ఇవ్వకపోవడం నేరం. యాభై ఏళ్ళుగా చూస్తున్నాను, అడిగేవాడు లేడు.

ఆ రోజు జగ్గయ్యపేటలో నందిగామ బస్సెక్కితే, నా పక్కన నలభై దాటని మనిషి కూర్చున్నాడు. కనుబొమల నిండా తెల్లటి రాతిపొడి. స్టీలు క్యాను మూత తీసి, చిక్కటి సూపు గుక్కగుక్కకీ ఆయాసపడుతూ తాగుతున్నాడు.

"బంగాళదుంపలేనండి. మెత్తగా ఉడకబెట్టి, మెదిపి, పాలు పోసి కాస్త మిరియాల పొడి వేస్తుంది మా ఆవిడ. అన్నం నమిలితే ఊపిరాడట్లేదు," అన్నాడు.

క్యాను మీద చెక్కించిన పేరు చదివి, "మాస్కులిమ్మని మీ ఓనర్ని అడగవేమయ్యా సుందరరావూ? నోట్లో నాలుక లేదా?" అని కసిరాను.

నవ్వి, ఇంకో గుక్క తాగాడు. చిల్లకల్లు దాటాక మళ్ళీ అడిగాను. క్యాను వంచి అడుగున మిగిలింది తాగాడు. నందిగామలో దిగబోతూ, క్యాను మూత బిగించి అప్పుడు చెప్పాడు:

"సుందరరావు నేను కాదండి బాబాయ్ గారూ. ఆయన అడిగాడు, పన్లోంచి తీసేశారు. ఇదే ఆయాసంతో నిరుడు పోయాడు. మా ఆవిడకి ఈ సూపు నేర్పి, క్యాను ఇచ్చింది వాళ్ళావిడే. ఇక వాళ్ళింట్లో దీంతో పన్లేదు కదండీ."