టర్బో దీపం

ఎనభైల చివర వరంగల్ చౌరస్తా దగ్గర ఒక ప్రైవేటు కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. ఆరు నెలలు చూసి పర్మినెంట్ చేస్తామన్నారు. ఆ ఆరు నెలల్లో నేను సాధించిన జ్ఞానమంతా టర్బో బటన్ దగ్గరే ఆగింది. అది నొక్కితే ఎర్ర దీపం వెలిగి మిషన్ స్పీడ్ రెట్టింపయ్యేది, మళ్లీ నొక్కితే తగ్గేది. తగ్గించుకునే సౌకర్యం ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు. నాకు అర్థం కానిది అనవసరమని తేల్చేసే వయసు.

మే నెలలో ఒక ఆదివారం. ఒక కాలేజీ మార్కుల లిస్టు సాయంత్రంలోగా ప్రింటయితేనే ఉద్యోగం ఖాయమని సెంటర్ ఓనరు సార్ చెప్పారు. చర్చి ఎగ్గొట్టి పొద్దున్నే కూర్చున్నాను. లో వోల్టేజీకి ఏసీ నడవలేదు. ర్యాంకుల వరస పెట్టమంటే మిషన్ సగంలో బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అంతే. మూడోసారి ప్రోగ్రాం రాసినవాణ్ని నానా తిట్లు తిట్టాను. రాసింది నేనే.

మధ్యాహ్నం బాపు కేసముద్రం నుంచి అన్నం తెచ్చాడు. నాన్న అక్కడ రైస్ మిల్లులో ఆయిల్ ఇంజన్ నడిపేవాడు. కంప్యూటర్ రూంలోకి చెప్పులతో రానివ్వరని తెలుసు, బయటే విడిచాడు. టిఫిన్ బాక్సు టేబుల్ మీది మాన్యువల్ పైన పెట్టి, మిషన్ వెనక అరచెయ్యి ఆనించి చూశాడు.

"కాల్తాంది బిడ్డా. జర స్పీడ్ తగ్గియ్యి. గీ ఎండల ఇంజన్‌ను గంత గట్టిగ నడిపిస్తే పట్టేస్తది."

"నీకు తెల్వదు బాపు. ఇది ఇంజన్ కాదు."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. మిషన్ ఇంకో రెండుసార్లు ఆగింది. ఆయన కిటికీ వైపు తిరిగినప్పుడు, దొంగలాగా, టర్బో ఆపేశాను. నింపాదిగా నడిచి నడిచి లిస్టు చివరిదాకా వెళ్లింది. సాయంత్రం సార్ వచ్చేసరికి ప్రింటు కాగితాలు సిద్ధం.

"టర్బో ఆపాలని నీకెట్ల తట్టింది?" అన్నారు సార్, ఆరిపోయి ఉన్న ఎర్ర దీపం చూసి.

"మాన్యువల్‌ల చదివిన సార్."

తడుముకోలేదు కూడా. బాపు అప్పుడే టిఫిన్ బాక్సు తీసుకుంటున్నాడు. దాని కింద మాన్యువల్ ప్లాస్టిక్ కవరైనా విప్పకుండా ఉంది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. బాక్సు మళ్లీ దానిమీదే పెట్టాడు.

"అవును సార్. మావోడు మస్తు సదువుతడు," అన్నాడు.

ఉద్యోగం ఖాయమని సార్ అక్కడే చెప్పేశారు. రైలెక్కించడానికి బాపుతో స్టేషన్ దాకా నడిచాను. నువ్వు చెప్పిందే చేసిన బాపు అని ఒక్కమాట అనడానికి ఆ దూరం చాలలేదు. ఇప్పటికీ సిగ్గేస్తుంది.