మేస్త్రీ పక్కచూపు

మా వీధి చివర కార్ల ఏసీలు బాగుచేసే మేస్త్రీ గురించి ఒక మాట తిరుగుతోంది. పెళ్ళాం చనిపోయి ముందు గదిలో పడుకోబెట్టి ఉంటే ఒక్కసారైనా ఆమె మొహం చూడలేదని, గోడవైపు తిరిగి కూర్చున్నాడని. అది నిజమే, నేనూ చూశాను. కానీ దానికి తోక తగిలించారు. వాళ్ళిద్దరికీ ఏదో గొడవ ఉండేదట, ఆ తప్పు తలుచుకుని ఇప్పుడు తాగుతున్నాడట, అందుకే చేతిలో పని పాడైందట. ఆ తోక కోయడానికే ఇది రాస్తున్నాను. నేను చదివిన నాలుగు అక్షరాలూ ఇలాంటప్పుడైనా పనికిరావాలి.

తాగుడు సంగతి ముందే తేల్చేశాను. షెడ్డు వెనకాల చెత్తడబ్బా కదిపి చూస్తే సబ్బుముక్కలు, అరిగిన వాషర్లు తప్ప సీసా అన్నది లేదు. గోడమీద గడియారంలో టైమెంతైందో చెప్పమనే వంకతో దగ్గరికెళ్ళి వాసన కూడా చూశాను. టీ వాసన వచ్చింది.

పని పాడైన మాట మాత్రం నిజం. ఏసీలోంచి వేడిగాలి వస్తోందని బండి తెస్తారు. ఎక్కడో గ్యాసు కారిపోతూ ఉంటుంది. మేస్త్రీ కొత్త గ్యాసు నింపి పంపిస్తాడు. చల్లగా వెళ్ళిన బండి కొన్నాళ్ళకు మళ్ళీ వేడిగా తిరిగొస్తుంది. కారే చోటు పట్టుకోకుండా నింపితే చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే కదా.

భార్య ఉన్నప్పుడు ఇలా లేదు. అతను గొట్టాల అతుకుల మీద బ్రష్షుతో సబ్బునురగ పూసేవాడు. ఆమె పక్కనే ముక్కాలిపీట వేసుకుని వంగి చూసేది. గ్యాసు కారే చోట బుడగ లేస్తుంది. “నవ్విందా?” అని అతను అడిగేవాడు. “నవ్వుతోంది, కుడిపక్క అతుకులో,” అనేది ఆమె. మొగుడికి కాపలా కాస్తోందని వీధంతా ఆటపట్టించేది. కాపలా లేకపోతే మీ బళ్ళన్నీ ఎత్తుకుపోతాడమ్మా అని ఆమె ఊరుకునేది.

మొన్న మధ్యాహ్నం టాక్సీ డ్రైవరు మళ్ళీ వచ్చాడు. అదే బండి, అదే వేడిగాలి. నేను ఆ ముక్కాలిపీట మీదే కూర్చుని ఉన్నాను. నాకు చెయ్యాల్సిన పని తక్కువ, చూడాల్సింది ఎక్కువ.

“వెనకసీట్లో పెద్దాయన ఉక్కకి కళ్ళు తిరిగి ఒరిగిపోయాడు మేస్త్రీ,” అన్నాడు డ్రైవరు. “ఈసారి కూడా చల్లదనం నిలబడకపోతే మా స్టాండు బండి ఒక్కటీ నీ గుమ్మం తొక్కదు. అసలు మాట్లాడేటప్పుడు మొహంలోకి చూడవేం? దొంగతనం చేసినవాడిలా ఆ పక్కచూపులేంటి?”

ఆ స్టాండు బళ్ళు రాకపోతే షెడ్డు మూసుకోవాల్సిందే. మేస్త్రీ టీ తాగి రమ్మని డ్రైవర్ని పంపించాడు. గ్యాసు ఎక్కించి, నురగ పూసి, బానెట్టు కింద తల దూర్చాడు. ఒక్కో అతుకు దగ్గరా ఆగాడు. చెవి ఆనించి విన్నాడు.

“నవ్విందా?” అన్నాడు, తల ఎత్తకుండానే.

అడిగింది నన్ను కాదు. అతనికీ మరుక్షణమే తెలిసింది, బ్రష్షు ఆగిపోయింది. నేను కళ్ళద్దాలు సర్దుకుని వంగాను. గొట్టం వంపు అడుగున బఠాణీ గింజంత బుడగ ఉబ్బుతోంది, పగులుతోంది, దాని చోట ఇంకోటి లేస్తోంది. అతని ముక్కుకి సూటిగా ఉంది. అతను దాన్నే చూస్తున్నాడు, చూసి పక్క అతుక్కి జరగబోతున్నాడు.

“నవ్వుతోంది,” అన్నాను. “నీ చేతికిందే. వంపు అడుగున.”

గ్యాసంతా దింపి, అతుకు విప్పి, అణిగిపోయిన రబ్బరు రింగు తీసి కొత్తది వేశాడు. వేలికొసలతో తడుముతూ వేశాడు. మళ్ళీ గ్యాసు, మళ్ళీ నురగ. చూసి చెప్పింది నేనే. బుడగ లేదు.

డ్రైవరు వచ్చి గాలి దగ్గర అరచెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఇలా ముందే చేసి ఉండొచ్చుగా అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. గండం గడిచినా మేస్త్రీ మొహంలో సంతోషం లేదు. సబ్బుగిన్నె కడుక్కుంటున్నాడు.

నా కడుపులో ప్రశ్న నిలవదు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. అతను మొహం పక్కకి తిప్పాడు. నేను ఆ పక్కకి జరిగాను. ఈ పక్కకి తిప్పాడు.

“నీకు కనబడట్లేదు కదూ?” అన్నాను. “మీ ఆవిడకు తెలుసా?”

అతను గిన్నె తుడుస్తూనే చెప్పాడు.

“కొన్నేళ్ళయింది పిన్నిగారూ. లోపల నరం చచ్చిపోయింది, అద్దాలు పనిచేయవన్నారు. నేరుగా దేన్ని చూస్తే అక్కడే మచ్చ. పక్కకి తిరిగితే అంచులో మనుషులు తెలుస్తారు. బుడగలు తెలియవు. తనకొక్కదానికే చెప్పాను.” గిన్నె బోర్లించాడు. “ఆ రోజు గోడవైపు తిరిగి కూర్చున్నానని అంటారు కదా... తననే చూస్తున్నానండి.”