రేపటి టిక్కులు

మా బాబాయి ఇరవై రెండేళ్లుగా కారు నడపడం నేర్పుతున్నాడు. నేర్పే బండిలో ఆయన కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు తడబడ్డాడా, ఈయన తొక్కేస్తాడు. నిరుడు రెండు రోజుల శిక్షణకని వెళ్లి, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్‌తో, జనం బతుకులకు దారి చూపే లైఫ్ కోచ్‌గా తిరిగొచ్చాడు. కోతికి కొబ్బరికాయ దొరికింది. ఇంట్లో ఎవర్నీ వదల్లేదు.

"ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటావే?" అని నన్నూ అడిగాడు.

"నీకు దూరంగా బాబాయ్" అన్నాను.

అలాగని పనికిమాలినవాడేం కాదు. సొంత కొట్టు పెట్టాలా వద్దా అని ఏడాదిగా నాన్చుతున్న పక్కింటి దర్జీ చేత నెల తిరక్కుండా కొట్టు తెరిపించాడు. కాళ్లు బాగున్నవాణ్ణి నడిపించడం ఆయనకు వచ్చు. తంటా అంతా పిన్ని దగ్గరే వచ్చింది.

పిన్ని వాళ్లమ్మ పోయి అప్పటికి ఏడు నెలలు. పిన్నికి నిద్ర లేదు, తిండి సయించదు. వాళ్లమ్మ తాగిన గ్లాసు కడిగి, తుడిచి, మళ్లీ కడిగేది. కంట చుక్క రాదు. బాబాయేమో ఫ్రిజ్ మీద పట్టిక అంటించాడు: పొద్దున నడక, రెండుపూటలా భోజనం, రోజుకో నవ్వు. చేసినదానికల్లా టిక్కు పెట్టాలి. నవ్వుకు కూడా టిక్కు, మహానుభావుడు!

టిక్కులు పడ్డాయి. ఒక్కటీ తప్పలేదు.

"చూశావా నా పద్ధతి!" అని బాబాయి ఎగిరాడు. నేను దగ్గరికెళ్లి చూశాను. ఆ రోజు పదకొండో తేదీ. టిక్కులు ముప్పయ్యో తేదీ దాకా ఉన్నాయి.

"రేపటి నవ్వు కూడా ఇవాళే నవ్వేసిందా బాబాయ్?"

ఆయన మొహం మాడిపోయింది. పిన్ని గ్లాసు తుడుస్తూనే చెప్పింది: "మీరు సంతోషపడతారని అన్నీ ఒకేసారి పెట్టేశానండీ. రోజూ లేవడమే కష్టంగా ఉంది."

బాబాయి ఫ్రిజ్ మీది పట్టికను మెల్లగా ఊడదీశాడు. తన సలహా తానే వెనక్కి తీసుకోవడం నా ఎరుకలో అదే మొదటిసారి.

మర్నాడే పిన్నిని సైకోథెరపీ, అంటే మాటలతో మనసుకు వైద్యం, చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. బాబాయి పట్టిక మడిచి పట్టుకొచ్చి ఆవిడ ముందు పరిచాడు. ఆవిడ ఓపిగ్గా చూసింది.

"ఇంజను మొరాయించిన బండి వస్తే మీరేం చేస్తారు సార్?"

"మెకానిక్ దగ్గరికి పంపిస్తానండీ."

"మరి అలాగే ఈవిణ్ణి నాకొదిలి బయట కూర్చోండి. ఈవిడ ఎక్కడికి వెళ్లాలో మీరు తర్వాత అడుగుదురుగాని. ఏం జరిగిందో ముందు నేను వింటాను."

వరండాలో కూర్చున్నాం. కాసేపటికి లోపల్నుంచి పిన్ని ఏడుపు వినిపించింది. వెక్కి వెక్కి ఏడుస్తోంది. బాబాయి కుడికాలు నేలను గట్టిగా నొక్కడం చూశాను.

"తొక్కకు బాబాయ్" అన్నాను.

ఆయన కాలు తీసి, కళ్లు తుడుచుకున్నాడు.

గంట తర్వాత పిన్ని వాచిన కళ్లతో బయటికొచ్చింది. "ఆకలేస్తోందండీ" అంది. బాబాయి చెయ్యి జేబులో పెన్ను మీదికి పోయింది.

"రాశారో, చంపేస్తాను!" అంది పిన్ని.

ఆయన రాయాల్సిన పని కూడా లేదు. ఆ రోజు భోజనానికి టిక్కు ఎప్పుడో పడిపోయింది.