తొమ్మిది వేల మొనలు

ఇరవై రెండేళ్లపాటు రాతి ముద్దలు నానబెట్టి, సూదితో గీరి, లోపల రాయిగా మారిపోయిన సముద్రపు నత్తగుల్లలను బయటికి తీసిన మనిషిని మ్యూజియంలో అందరూ నత్తత్త అనేవారు. ఆమె కోప్పడేది కాదు, పైగా కాస్త గర్వపడేది. చిక్కంతా ఆ గర్వం దగ్గరే వచ్చింది.

పని నేర్పింది పెద్దసారు. "నోరు చూసే ఏ జాతో చెప్పాలి. నోరు పైకి కనబడాలి, మొన మైనంలోకి దించు," అన్నాడు. దించింది. కానీ సన్నటి మొన మీద గుల్ల ఒరిగిపోయేది. ఒరిగితే ఆమెకు అన్నం సహించదు. అందుకని ప్రతి మొననూ గరుకు కాగితం మీద నాలుగు రుద్దులు రుద్ది, చదును చేసి నిలబెట్టేది. అలా తొమ్మిది వేలు. పెద్దసారు వచ్చినవాళ్లందరికీ ఆ మైనం పలకలు చూపించి, "ఒక్కటి ఒరిగితే చెప్పండి," అని సవాలు చేసేవాడు. ఇంట్లో దర్జీ మొగుడు మాత్రం, "రాళ్లని నిలబెట్టావు సరే, నా మిషను బల్ల కుంటుతోంది, దాని సంగతీ చూడు," అనేవాడు.

పెద్దసారు రిటైరయ్యాడు. ఆయన కుర్చీలోకి వచ్చిన మేడమ్ నోళ్ల వంక చూడనే లేదు.

"నాకు మొన కావాలమ్మా," అంది. "నత్త పుట్టినప్పటి గుల్ల అదే. మొన మీద సన్నటి చుట్లు చాలా ఉంటే, ఆ పిల్ల వారాల తరబడి నీళ్లలో తేలుతూ దూరదూరం తీరాలకి పోయినట్టు. ఒకటో రెండో లావుపాటి చుట్లుంటే, గుడ్డులోంచి నేరుగా పాకి, పుట్టినచోటే ఉండిపోయినట్టు. అలా ఉండిపోయిన జాతికి ఆ కాస్త సముద్రం ఇంకిందంటే ఇక దిక్కుండదు. మీ పెట్టెల్లో పదిహేను తీరాల గుల్లలున్నాయి. మొనలు బాగుంటే ఈ గది ఉంటుంది, మీరూ ఉంటారు. లేదంటే మూసేయమని పైవాళ్లు ఎప్పుడో చెప్పారు."

నత్తత్త ఒక పలక తెచ్చి బల్ల మీద పెట్టింది. మేడమ్ మైనం కరిగించి ఒక గుల్ల తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఇంకోటి పెట్టింది. పదో గుల్లకు తల ఎత్తింది.

"వీటిని ఎవరు అరగదీశారు?"

"పెద్దసారు చెప్పినట్టే చేశానండి." ఆ క్షణాన అది నిజమనే ఆమె నమ్మింది.

మర్నాడు పెద్దసారును పిలిపించారు. ఆయన గుల్లను కిటికీ వెలుగులో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"దించమన్నాను. అరగదీయమని ఎప్పుడన్నాను?"

"మీ ఎదురుగానే రుద్దేదాన్ని కద సార్. మెచ్చుకున్నారు కూడా."

"నేను నోళ్లు చూశానమ్మా."

ఆయన చెప్పింది నిజం. అదే ఘోరం. ఉత్త మైనమే అయితే వేడినీళ్లకు వదిలిపోయేది. ఆ నాలుగు రుద్దులూ ఆమెవి, ఎవరూ అడగనివి.

మేడమ్ కేకలు వేయలేదు. వేసి ఉంటే నత్తత్త కాస్త ఏడ్చుకునేది. "అరగదీయనివి ఒక యాభై దొరికినా ఎలాగో నెట్టుకొస్తాను. ఎక్కడైనా ఉన్నాయా?" అని మెల్లగా అడిగింది.

లేవని ఊరుకోవచ్చు. ఊరుకోవడం ఆమెకు చేతకాదు.

"ఉండేవండి. పల్చటి రకం, రుద్దితే పగిలిపోయేవి. నిలబడేవి కావు. ఏరి చెత్తలో పోసేదాన్ని."

"ఎన్నాళ్లు?"

"మొదటినుంచీ."

మేడమ్ పెన్నుకు మూత పెట్టింది. సాయంత్రంలోగా తాళంచెవి ఆఫీసులో ఇచ్చేయమంది. నత్తత్త ముఖం వంక కూడా చూడలేదు.

పెద్దసారు మెట్లు దిగడానికి ఆసరా కోసం చెయ్యి చాచాడు. నత్తత్త అలవాటుకొద్దీ పట్టుకుంది. మొదటి మెట్టు మీదే ఆయనకు సామెత గుర్తొచ్చి నవ్వొచ్చింది. "పనిమంతురాలు పందిరేస్తే పిచ్చుకలొచ్చి పడగొట్టాయట," అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆయన ఆమెతో ఆడిన మొదటి హాస్యం అది.

ఆ చెయ్యి వదిలేయాలనిపించింది ఆమెకు. నిజంగానే అనిపించింది. ఇంకా పదకొండు మెట్లున్నాయి. ఆయన ఒరగకుండా పట్టుకుని, ఒక్కొక్కటే దింపింది.