సారుకు తిండి వెతికిన మసూద్

హిందూపురం ఊరి బయట, పెనుకొండ రోడ్డు పక్కనున్న డిగ్రీ కాలేజీలో మసూద్ అటెండరు. రిజిస్టర్లు మోయడం, గంట కొట్టడం, తలుపులు తీసి మూయడం అతని ఉద్యోగం. పేరు మాత్రం వేరే విద్యకు వచ్చింది. కాలేజీలో కొత్తగా చేరినవాళ్ళెవరికి ఆకలేసినా మసూద్‌నే అడిగేవారు. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ యే బండి దగ్గర వేడివేడిగా దొరుకుతాయి, యే హోటల్లో దోసె మీద ఎర్రకారం దండిగా పూస్తారు, బస్టాండు దగ్గర యే సాంబారు జోలికి పోకూడదు, అన్నీ అతని నాలుక చివరనే ఉండేవి.

"గోడకేసిన రంగు జూసి హోటల్లోకి పోగూడదప్పా. తిని బయటికొచ్చేవాని మొగం జూసి పోవల్ల" అనేవాడు.

1997 జూలైలో కేశవమూర్తి కామర్స్ లెక్చరరుగా చేరాడు. ధర్మవరంలో పట్టునూలు అమ్మే షావుకార్ల ఇంటి బిడ్డ. పాఠం చెబితే వెనక బెంచీలు కూడా నిశ్శబ్దంగా వినేవి. కానీ నెల తిరిగేసరికి సారు చొక్కా ఒంటి మీద వేలాడటం మొదలుపెట్టింది. ఇంకో రెండు వారాలకు రాజీనామా కాగితం తీసుకొని ప్రిన్సిపాలు గదికి పోయాడు.

ప్రిన్సిపాలు ఆ కాగితాన్ని సొరుగులో పడేసి మసూద్‌ను పిలిచాడు. "ఈ సారుకు ఈడి తిండి పడడంల్యాదంట. యాడన్నా మంచి చోటు చూపించు మసూదూ. ఇట్లాంటి మనిషి మనకు మళ్ళీ దొరకడు."

మసూద్‌కు అదొక గౌరవంగా తోచింది. ఆ సాయంత్రమే సారును సైకిలు వెనక కూర్చోబెట్టుకొని బయలుదేరాడు. కేశవమూర్తి మాంసం ముట్టడు కాబట్టి శాకాహారపు హోటళ్ళే చూశారు. మొదట మార్కెట్టు దగ్గర ఆకు వేసి వడ్డించే మెస్సు. తర్వాత మడకశిర నుంచి వచ్చినవాళ్ళు నడిపే హోటలు, అక్కడ ఓళిగలు, అంటే బొబ్బట్లు, నోట్లో వేసుకుంటే కరిగిపోయేవి. మరోరోజు రైల్లో పెనుకొండ దాకా పోయి, స్టేషను దగ్గర చిత్రాన్నం తినిపించాడు. ఎక్కడికి పోయినా సారు "బాగుంది మసూద్" అనేవాడు, సగం వదిలేసి లేచేవాడు.

అదే మసూద్‌ను కుంగదీసింది. ఇంటికొచ్చి భార్య ఆలియాతో మొర పెట్టుకున్నాడు. "వంక పెట్టినా బాగుండు. ఉప్పు లేదనో కారమెక్కువనో అంటే ఇంకోచోటు వెతుకుతా. బాగుందంటాడు, తినడు!"

ఆలియా రొట్టె కాలుస్తూ తల కూడా తిప్పలేదు. "వాళ్ళమ్మ ఏం పెట్టి పెంచిందో తెలుసుకోకుండా ఊరంతా తిప్పితే ఏమొస్తాది?"

ఆ మాట మసూద్‌కు తగిలింది. గురువారం సెలవు పెట్టి, సారుకు చెప్పకుండా, పొద్దున ప్యాసింజరెక్కి ధర్మవరంలో దిగాడు. వాళ్ళ పట్టునూలు అంగడి పేరు చెప్పి అడుగుతూ పోయి ఇల్లు పట్టుకున్నాడు. తలుపు తీసిన ఇందిరమ్మ, కొడుకు కాలేజీ నుంచి మనిషి వచ్చాడనగానే బెదిరిపోయింది.

"మావానికి ఏమన్నా అయిందా అప్పా?"

"ఏమీ కాలేదమ్మా. సరిగ్గా తినడంల్యాదు, అంతే. మీరు ఏం వండుతారో చూసిపోదామని వచ్చినా."

ఆమె ఒక క్షణం ఆశ్చర్యపోయి నవ్వేసింది. "నువ్వు తిన్యావా? కూర్చో ముందు."

కందిపప్పు, వంకాయ కూర, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి. మసూద్ కళ్ళు మూసుకొని తిన్నాడు. వంట బాగుంది. అయితే అద్భుతమేమీ కాదు. నిజం చెప్పాలంటే, ఆ మార్కెట్టు మెస్సులో పప్పు ఇంతకన్నా రుచిగా ఉంటుంది. అతనికేమీ అర్థం కాలేదు. లేవబోతే ఇందిరమ్మ గరిటెతో అడ్డం నిలబడింది.

"యాడికి లేస్తాండావు? ఇంత దూరమొచ్చి ఇంతేనా తినేది? ఈ కూర నీ కోసమే మళ్ళీ తెచ్చినా."

చాలన్నా వేసింది. వద్దన్నా వేసింది. తిరుగు రైల్లో కూర్చున్నాక గానీ, ఎప్పుడూ తినేదానికి రెండింతలు తిన్నానని మసూద్‌కు తెలియలేదు. తెలిసిన మరుక్షణం పెట్టెలో ఒక్కడే పకపకా నవ్వాడు.

మరునాటి నుంచి అతను హోటళ్ళను వెతకలేదు, కొసరి కొసరి పెట్టే మనిషిని వెతికాడు. ఆ మనిషి కాలేజీ వెనక గోడకు అవతలే ఉంది. కొత్త బిల్డింగు కట్టే మేస్త్రీలకు యల్లక్క అనే ఆమె మధ్యాహ్నం సంగటి వండిపెట్టేది. బోర్డు లేదు, బెంచీ లేదు, కాబట్టి అన్నాళ్ళూ మసూద్ దాన్ని తిండిచోటుగా లెక్కలోకే తీసుకోలేదు. ఆ రోజు గోడ మీదుగా ఆమె గొంతు వినబడింది. "ఏమబ్బా, ఇంత తిని గోడ లేపుతావా? కూర్చో, ఇంకో ముద్ద పెడతా!"

మసూద్ పరుగున పోయి కేశవమూర్తిని పట్టుకొచ్చాడు. గోడ దగ్గర ఆగి, దాచకుండా చెప్పాడు. "ఆదివారం కోడికూర చేస్తాది సార్. మిగతా దినాలు ఆకుకూరలూ పప్పే. మీ ఇష్టం."

కేశవమూర్తి "ఆదివారం నేను ధర్మవరంలో ఉంటా కదా" అని చెప్పులు విడిచి, మేస్త్రీల పక్కన బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. రాగి సంగటి, గోగాకు పప్పు వచ్చాయి. అలవాటు ప్రకారం సగం తిని లేవబోయాడు.

"ఏం సామీ, పిచ్చుక మాదిరి కొరుకుతాండావు?" యల్లక్క గద్దించింది. "ఆ ముద్ద ముగించేదాకా ఈడ ఎవురూ లేసేది లేదు."

మేస్త్రీలు గొల్లుమన్నారు. సారు కూడా నవ్వాడు. ముద్ద ముగించాడు, మారు అడిగాడు. రాజీనామా కాగితం ప్రిన్సిపాలు సొరుగులోనే పసుపు పచ్చబడింది.

బిల్డింగు పూర్తయి మేస్త్రీలు వెళ్ళిపోయినా యల్లక్క వెళ్ళలేదు. సారు వెంట పిల్లలు, పిల్లల వెంట తక్కిన లెక్చరర్లు వచ్చారు. మసూద్ తానే గుంతలు తవ్వి, పందిరి వేసి ఇచ్చాడు. హోటళ్ళలో మగవాళ్ళ చూపులకు ముడుచుకుపోయే ఆడపిల్లలు అక్కడ చాపల మీద కూర్చొని గట్టిగా మాట్లాడుకుంటూ తినేవారు.

2003లో ఒక రోజు ఇందిరమ్మ వచ్చింది, కొడుక్కి పొట్ట పెంచిన మనిషిని చూడాలని. తిన్నాక ఊరకుండలేక కొంగు బిగించి పొయ్యి దగ్గరికి పోయింది. జన్మలో సంగటి కెలికిన చేతులు కావు. ఆమె, యల్లక్క చెరో వైపు కట్టె పట్టుకొని, "అట్ల కాదక్కా, ఇట్ల తిప్పల్ల", "నువ్వుండమ్మా, నాకు తెల్సు" అని కీచులాడుకుంటూ కెలికారు. ముద్దలు ఒకటి గుమ్మడికాయంత, ఒకటి నిమ్మకాయంత వచ్చాయి. ఇందిరమ్మ వాటిని వరుసలో ఉన్న పిల్లల పళ్ళేల్లో వేస్తూ, ఎవరికి చిన్నది వచ్చినా "నీకు ఇంకొకటి" అంటూ వెనక్కి తిరిగి వడ్డించింది. నిమ్మకాయంతది తనకు రావాలని పిల్లలు పోటీలు పడ్డారు.