జాజు కలిపిన లేపనం

“విచారణలో నేనే చెబుతాను” అని మా ల్యాబ్ అటెండరుకు మాటిచ్చి నలభై ఏళ్లు దాటింది. చెప్పలేదు. పన్నెండు రోజుల కిందట బౌద్ధనగర్ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. “సార్, నాయిన పోయిండు. మీకు ముందుగాల చెప్పమన్నడు.”

యూనివర్సిటీ నుంచి అంత్యక్రియలకు వెళ్లింది నేనొక్కణ్ణే. ఆయన కడిగిన గాజుసామానుతో డాక్టరేట్లు సంపాదించినవాళ్లు తార్నాకలోనే ఉన్నారు. వాట్సాప్‌లో దండాలు పెట్టి సరిపెట్టారు.

నేను పరిశోధనకు చేరేనాటికే నా వేళ్లకు బొల్లి. క్యాంటీన్‌లో నా గ్లాసు విడిగా పెట్టేవారు. మా గైడు బొల్లికి పైపూత మందు మీద పనిచేసేవాడు. జింకు, రాగి లవణాలు వేసిన తెల్లటి లేపనం అది. పూసుకుని పొద్దుటి ఎండలో కూర్చోవాలి. కాలేజీ వెనక మెట్ల మీద నేనూ, మరికొందరూ చేతులు చాపి కూర్చునేవాళ్లం.

నూరేది మాత్రం అటెండరే. గాజుపలక మీద గంటసేపు నూరి, రెండు వేళ్ల మధ్య రుద్ది చూసేవాడు. “గరుకు తగిలితే మందు గాదు సార్, మన్ను” అనేవాడు. నా గ్లాసులో మిగిలిన టీ తాగేవాడు. ఎవరైనా ముఖం చిట్లిస్తే, “అంటుకుంటే అంటుకోనీ, నేను గూడ జర తెల్లగైత” అని నవ్వేవాడు.

లెక్చరర్ ఇంటర్వ్యూ దగ్గరపడింది. ఈ చేతులతో బోర్డు ముందు కూర్చోలేక, లేపనంలో కాస్త రంగు కలపమని ఆయన్ని అడిగాను. గడపలకు పూసే ఎర్రమన్ను, జాజు, మెత్తగా నూరి కలిపి తెచ్చాడు. నా మచ్చలు ఒంటి రంగులో కలిసిపోయాయి.

“అందరికిచ్చే సీసాలనే మొత్తం కలిపిన సార్. ఆడపిల్లలున్నరు గద, గాళ్లు గూడ బస్సుల చేతులు దాచుకోకుంట పోతరు.”

అది తప్పని నాకు తెలుసు. ఊరుకున్నాను.

మచ్చలు పోతున్నాయని గైడు ఊరంతా చాటుకున్నాడు. అంత పెద్ద కెమిస్టు, జాజును గుర్తుపట్టలేదట! సెమినార్‌లో, మాతో మెట్ల మీద కూర్చునే ఒక అమ్మాయి చేతిని బయటినుంచి వచ్చిన డాక్టరు స్పిరిట్ దూదితో తుడిచాడు. దూది ఎర్రబడింది. ఆ పిల్ల అందరి ముందూ ఏడ్చింది.

“వీడే కల్తీ చేశాడు” అని గైడు అటెండరును చూపించాడు. ఆయన నావైపు చూశాడు గానీ నా పేరు ఎత్తలేదు. ఆ సాయంత్రమే నేను మాటిచ్చింది.

విచారణ రోజున గైడు నన్ను వరండాలోకి పిలిచి, “నీ ఇంటర్వ్యూ బోర్డులో నేనూ ఉంటాను గదా” అన్నాడు. లోపలికెళ్లి, నాకేమీ తెలియదన్నాను. అటెండరును హాస్టల్ గోడౌన్‌కు మార్చారు. మళ్లీ ల్యాబ్ గడప తొక్కనివ్వలేదు.

నాకు ఉద్యోగం వచ్చింది. ఆయన మాత్రం రెండు నెలలకోసారి మా ఇంటికి జాజు కలిపిన లేపనం డబ్బా తెచ్చేవాడు. “మచ్చ పోదు సార్. కండ్లకు కనవడదు, గంతే.” ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది. నా ఇంటినిండా పుస్తకాలే. క్షమించమని ఎలా అడగాలో వాటిలో చాలాచోట్ల ఉంది. టీ ఇచ్చి, ఆ ఒక్కటి తప్ప అన్నీ మాట్లాడేవాణ్ణి.

పదోరోజున కూతురు చివరి డబ్బా చేతిలో పెట్టింది. “చేతులు వణుకుతున్నా నూరిండు సార్. గరుకున్నదేమో మిమ్మల్నే చూడమన్నడు.”

వేళ్ల మధ్య రుద్ది చూశాను. గరుకు లేదు.

ఇవాళ పొద్దున వేళ్లకు పూసుకుని బాల్కనీ ఎండలో కూర్చున్నాను. ఎదురుగా మెట్రో వచ్చింది, పోయింది. పక్క కుర్చీ ఖాళీ. ఇన్నేళ్లూ తప్పెవరిదని ఎవరడిగినా గైడు పేరే చెప్పాను. ఆయన బెదిరించాడు, నిజమే. కానీ తెలియదన్న నోరు ఆయనది కాదు.

టీ తాగిన గ్లాసు మీద ఎర్రటి వేలిముద్ర పడింది. ఇంకా కడగలేదు. అది నాదే.